రెండు చింతగింజలు

మహారాష్ట్రలోని సిరొంచా తాలూకాలో మా కళాశాల బీఎస్సీ విద్యార్థులు సికిల్‌సెల్ వ్యాధిపై చేసిన ప్రాజెక్టుకు నేను మార్గదర్శకుడిని. పాఠ్యపుస్తకం కొడవలి కణాల రక్తహీనత అనే ఈ జబ్బును ఇక్కడి పల్లెల్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. "కీళ్లు గుంజుతున్నయి, పిల్లకు మాటిమాటికి కామెర్లు అయితున్నయి" అంటారు. మా ప్రశ్నావళి మరాఠీలో ఉండేది, జవాబు చెప్పేవారి ఇంటి మాట తెలుగో, గిరిజనుల భాష మాడియానో అయ్యేది. వ్యాధి పేరు పెట్టి అడిగినంతకాలం "లేదు" అన్నవారే, నొప్పుల గురించి తెలుగులో అడిగేసరికి కూర్చోబెట్టి చెప్పసాగారు.

ఆరోగ్య కార్యకర్త చేసే తొలి పరీక్ష చూడటానికి సులువుగానే ఉంటుంది. వేలికొన నుంచి తీసిన రక్తపు చుక్కను నాళికలోని ద్రావణంలో కలిపి, వెనుక నల్లగీతల కాగితం పెడతారు. గీతలు స్పష్టంగా కనిపిస్తే రక్తకణాలను కొడవలిలా వంచే హీమోగ్లోబిన్-ఎస్ లేనట్టు, ద్రావణం మసకబారి గీతలు మాయమైతే ఉన్నట్టు. అయితే జబ్బు ఉన్నవారి రక్తమూ, జబ్బు లేకుండా ఆ జన్యువును మోసే వాహకుల రక్తమూ ఆ నాళికలో ఒకేలా మసకబారుతాయి. ఎవరు ఏమిటో తేలాలంటే హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే ప్రయోగశాల పరీక్ష, ఎలక్ట్రోఫోరెసిస్ గానీ హెచ్‌పీఎల్‌సీ గానీ, చేయవలసిందే.

ఇక్కడే మేము తప్పు చేశాము. తొలి ఫలితాన్నే చీటీపై 'పాజిటివ్' అని రాసి ఇచ్చి వచ్చేశాము. ఆ ఒక్క మాటతో ఒక ఇంట్లో కుదిరిన సంబంధం ఆగిపోయింది. ఆ అమ్మాయి వాహకురాలు మాత్రమేనని రెండో పరీక్షలో తేలింది. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే జీవిస్తారు. కానీ ఆ మాట చెప్పే కాగితం మా బల్లపై తొమ్మిది రోజులు పడి ఉంది. రెండో ఫలితం చేతికి రాకుండా ఏ చీటీ ఇవ్వకూడదని ఆ తరువాత నియమం పెట్టుకున్నాము.

వంశపారంపర్యాన్ని వివరించే దారి మాత్రం ఒక విద్యార్థి జేబులోంచి వచ్చింది. అష్టాచెమ్మా ఆటకు ఒకవైపు అరగదీసిన చింతగింజలు రెండు తీసి, ఒకటి తల్లి, ఒకటి తండ్రి, ఇద్దరూ వాహకులే అనుకోమన్నాడు. రెండూ నల్లగా పడితే బిడ్డకు ఏమీ లేదు. ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా పడితే బిడ్డ వాహకుడు. రెండూ తెల్లగా పడితే జబ్బు. ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు అనే లెక్కను నేను తరగతిలో ఎన్నోసార్లు నల్లబల్లపై గీశాను గానీ, ఇంత తేటగా ఎన్నడూ చెప్పలేకపోయాను.

నలుగురు పిల్లల తల్లి ఒకామె అడిగింది: "పెద్దోనికి అచ్చింది గద తమ్మీ, ఇగ మిగిలిన ముగ్గురికి రాదు గద?"

"మళ్ల ఎయ్యి అక్కా," అని గింజలు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మళ్లీ వేసింది. రెండూ తెల్లగా పడ్డాయి. ఆమె చాలాసేపు వాటినే చూసి, మిగిలిన పిల్లలను తానే పిలిచి పరీక్షకు వరుసలో నిలబెట్టింది. పెద్దవాడికి ఈ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మాత్రలు డాక్టరు చెప్పినట్టే ఇవ్వాలని, నీళ్లు బాగా తాగించాలని, జ్వరం వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురావాలని మా విద్యార్థులు ఆమె చేత తిరిగి చెప్పించుకున్నారు.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న ప్రారంభించిన జాతీయ కార్యక్రమం 2047 నాటికి ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని సంకల్పించింది. నలభై ఏళ్లలోపు వయసున్న ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం అందులో భాగం. అంత పెద్ద పనిలో విద్యార్థులు చేయగలిగినది, చేయవలసినది, ఫలితాన్ని ఇంటి మాటలో గడపదాకా తీసుకెళ్లడమేనని నా నమ్మకం. పైగా మా ప్రాంతంలో పెళ్లిళ్లు ప్రాణహిత దాటి తెలంగాణ పల్లెలతోనూ జరుగుతాయి. పరీక్షల రిజిస్టరు మాత్రం నది ఒడ్డునే ఆగిపోతుంది.

ఆ రోజు మేము లేచేసరికి ఆ తల్లి ఆ రెండు గింజలనూ కొంగున ముడివేసుకుంది. నది అవతల చెన్నూరు వైపు ఇచ్చిన చెల్లెలు పండుగకు వస్తుందని, ఆమెకూ చూపించాలని చెప్పింది.