లెటర్‌హెడ్ మీది పేర్లు, షీటులో పేర్లు

మా తిరుపతిలో ఏ సభ పెట్టినా అన్నిటికంటే ముందు పుట్టేది లెటర్‌హెడ్. ఎడమపక్క నిలువుగా గౌరవాధ్యక్షులు, అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, కన్వీనరు, కో-కన్వీనర్లు, సలహాదారులు. ఉత్తరం రాసుకోడానికి కుడిపక్కన జానెడు జాగా మిగులుతుంది. స్వచ్ఛంద సంస్థల అంతర్జాతీయ సదస్సు ఇక్కడే అని ఖాయమయ్యాక జరిగిన మొదటి మీటింగు కూడా ఈ పేర్ల వరసతోనే గడిచిపోయింది. ఎవరు పైన, ఎవరు కింద, 'డాక్టర్' అని పెట్టాలా వద్దా. కాఫీలు రెండుసార్లు తిరిగాయి. ఎంతమంది వస్తారు, యాడ పడుకుంటారు అని అడిగిన వాళ్ళు లేరు.

మధ్యలో ఒకాయన లేచి, "2012లో ప్రపంచ తెలుగు మహాసభలు చేసిన ఊరు, 2017లో ఎస్వీ యూనివర్సిటీలో సైన్స్ కాంగ్రెస్ చేసిన ఊరు, మనకిదొక లెక్కా?" అన్నాడు. చప్పట్లు పడ్డాయి. నిజమే, చేశాం. కానీ వాటి వెనక ప్రభుత్వం ఉండింది, కలెక్టరాఫీసు ఉండింది, జీతం తీసుకుని ఆ పనే చేసే అధికారులుండారు. మా సదస్సుకి ఉన్నదల్లా సాయంత్రం ఆరు దాటాక, ఎవరి ఉద్యోగం వాళ్ళు ముగించుకుని వచ్చే మనుషులు.

నేను పుత్తూరు పక్క పల్లెల్లో పొదుపు సంఘాలతో పనిచేసే ఒక చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. ఇల్లు తిరుపతిలో. "లెక్కలు తెలిసిన మనిషి ఉండాల గదా మా" అని నన్ను వసతి, రవాణా కమిటీలో వేశారు. లెటర్‌హెడ్ మీద నా పేరు లేదు. గూగుల్ షీటులో మాత్రం ఉంది, మూడో ట్యాబులో.

ముందు తేదీల సంగతి చెప్పాలి, ఎందుకంటే అసలు తల తిన్నది అదే. విదేశాల్లో ఉండే ప్రోగ్రాం కమిటీ వాళ్ళు అక్టోబరు మొదటి వారం అన్నారు. గాంధీ జయంతి కలిసొస్తుందని వాళ్ళ ఆలోచన. మేము ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. బ్రహ్మోత్సవాల కాలం అది. దానికి తోడు తమిళుల పెరటాసి నెల, శనివారం వచ్చిందంటే తమిళనాడు నుంచి కాలినడకన వచ్చేవాళ్ళతో రోడ్లే కనపడవు. ఆ నెలలో ఆరు వందల మందికి రూములడిగితే లాడ్జి క్లర్కు నవ్వుతాడు. నవంబరు పెడదామంటే వానలు. 2021 నవంబరులో మా వీధుల్లో నీళ్ళు ఎంత లోతున పారాయో చూసినవాళ్ళెవరూ ఆ మాట ఎత్తరు. పైగా తిరుచానూరు అమ్మవారి బ్రహ్మోత్సవాలు కార్తీకంలోనే. డిసెంబరు చివర వైకుంఠ ఏకాదశి, ఆ వెంటనే జనవరి ఒకటి, ఆ వెంటనే సంక్రాంతి. తిరుపతిలో ఖాళీ నెల అనేది లేదు. ఏ రద్దీని తట్టుకోగలమో చూసుకుని ఎంచుకోవడమే.

ఫిబ్రవరికి వచ్చేసరికి మాఘమాసం పెళ్ళిళ్ళు అడ్డొస్తాయేమోనని భయం. పెళ్ళిళ్ళుంటే కల్యాణమండపాలు దొరకవు, వంటవాళ్ళు దొరకరు, షామియానా వాడు ఫోనే ఎత్తడు. అయినా ఒక మండపం మేనేజరుకి ఫోన్ చేశాను.

"ఫిబ్రవరి మొదటి వారమా మేడం? అప్పుడు మూఢం. ఒక్క పెళ్ళి లేదు. ఊరికే కూర్చోనుంటాం. ఎన్ని రూములు కావాల్నో చెప్పండి, రేటు కూడా చూసి ఇస్తాం."

ఆ రోజు పంచాంగం మీద నాకు కొత్త గౌరవం కలిగింది. శుక్ర మౌఢ్యం పుణ్యమా అని మండపం దొరికింది, పక్కనే ఇంకో మండపంలో గదులు దొరికాయి, మామూలుగా ఏడాది ముందు మాట తీసుకునే వంటాయన మాకోసం మూడు రోజులు పూర్తిగా ఇచ్చాడు. లెటర్‌హెడ్ పెద్దల్లో ఒకరు మాత్రం "మూఢంలో మంచి పని మొదలుపెడతారా ఎవరైనా?" అని పట్టు పట్టారు. మా కమిటీలో ఒక రిటైర్డ్ లెక్చరరు నిమ్మళంగా అన్నాడు: "మీటింగులకి మూఢం లేదు సార్. ఉంటే అసెంబ్లీ ఎట్ల జరుగుతాది?" అంతటితో ఆ గొడవ ముగిసింది. విదేశీ ప్రోగ్రాం కమిటీకి మూఢం గురించి మేం చెప్పలేదు. "ఆ వారం హాళ్ళు చవక" అని రాశాం, అది చాలు వాళ్ళకి.

వాళ్ళతో వీడియో కాల్ మా టైము ప్రకారం రాత్రి ఏడుకి. మనీలాలో రాత్రి తొమ్మిదిన్నర, నైరోబీలో సాయంత్రం నాలుగున్నర, న్యూయార్క్‌లో తెల్లారి తొమ్మిదిన్నర. ఏర్పాటు బాగానే ఉండింది అక్టోబరు చివరి దాకా. ఆ నెల ఆఖరి ఆదివారం యూరప్ వాళ్ళు గడియారం వెనక్కి తిప్పారు, అమెరికా వాళ్ళు నవంబరు మొదటి ఆదివారం తిప్పారు. మధ్యలో ఆ ఒక్క వారం సగం మంది ఒక గంటకి, సగం మంది ఇంకో గంటకి వచ్చారు. మనీలా ఆమె పాపం రెండుసార్లూ కూర్చుంది. ఆ తర్వాత పిలుపుల్లో భారత సమయం ఒక్కటే రాసి, మిగతాది ఎవరికి వాళ్ళే చూసుకోండి అన్నాం.

డబ్బు గురించి జనానికి ఉన్న అపోహ ఒకటుంది. విదేశీయులొస్తున్నారంటే విదేశీ డబ్బూ వస్తుందని. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏని 2020లో సవరించాక, విదేశీ విరాళం ఏదైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి, అది కూడా రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉన్న సంస్థకే. అలా వచ్చినదాన్ని ఇంకో సంస్థకి మళ్ళించడానికి లేదు. అందుకే "మీ దగ్గరి చిన్న సంస్థల దారి ఖర్చులకి మేం డబ్బు పంపిస్తాం, మీరు పంచండి" అని బయటి వాళ్ళు ఎంతో ప్రేమగా అన్నప్పుడు, కుదరదని చెప్పాల్సిన పని నాకు పడింది. విదేశీ ప్రతినిధులు కట్టే రిజిస్ట్రేషన్ ఫీజుతో ఆ ఇబ్బంది లేదు. దాన్ని ఆ సదస్సు ఖర్చులకే వాడితే విదేశీ విరాళం కింద లెక్కించబోమని కేంద్ర హోం శాఖ ప్రశ్నోత్తరాల్లోనే ఉంది. ఆ పేజీ ప్రింటు తీసి ఫైల్లో మొదటి కాగితంగా పెట్టాను. ఆడిటర్ ముందు మనం నోరు తెరిచే అవసరం లేకుండా.

మరి మదనపల్లె, కుప్పం పక్కనుంచి వచ్చే చిన్న సంస్థల ఫీజు ఎవరు కట్టాలి? ఇక్కడే లెటర్‌హెడ్ పనికొచ్చింది. ఎడమపక్క పేర్లలో ఉన్న ఇద్దరు పెద్దలు, మీటింగుల్లో ఎన్నడూ కనపడని వాళ్ళు, చెరి సగం వేసుకున్నారు. రసీదు అడిగారు, ఫొటో అడగలేదు. ఆ సాయంత్రం దాకా నాకు వాళ్ళ మీద చాలా కోపం ఉండింది. పేరుకి మీరు, పనికి మేమా అని. ఆ కోపం సగం న్యాయమే అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ పేర్లు లేకుంటే కాలేజీ హాస్టలు గదులొచ్చేవి కావు, పార్కింగుకి పోలీసుల అనుమతి అంత తొందరగా వచ్చేది కాదు. నేను వారం తిరిగి సాధించలేనిది అలాంటి పెద్దాయన ఒక్క ఫోన్లో చేస్తాడు. అదే మనిషిని రవాణా కమిటీకి అధ్యక్షుణ్ణి చేశామనుకోండి, ఒక్క బండి కదలదు. ఈ రెండు రకాల వాళ్ళనీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే మీటింగు పెట్టడమే మేం మొదట్లో పడిన తంటా. తర్వాత విడగొట్టాం. పెద్దలకి నెలకొక టీ. పని కమిటీలకి వారానికొక కాల్, అరగంట, షీటు తెరిచి పెట్టుకుని, ఒక్కో వరసకి ఒక్కరే బాధ్యులు. 'మేమందరం చూసుకుంటాం' అని రాసిన వరస ఏది కనపడినా మా కన్వీనరు దానికి ఎర్ర రంగు పూసేవాడు.

రవాణా పని ఎత్తుకున్నది రేణిగుంటలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన్ని అందరం మామా అనేవాళ్ళం. షీటు నేను చూసుకుంటా అంటే ఒప్పుకున్నాడు గానీ, తన పొడుగు నోటుబుక్కు మాత్రం వదల్లేదు. స్కేలుతో గీతలు కొట్టి, విమానం, దిగే టైము, బండి నంబరు, డ్రైవరు, చేరిన టైము. అన్నీ ఇరవై నాలుగు గంటల లెక్కలో. విదేశాల నుంచి వచ్చేవాళ్ళలో జాస్తి మంది దిగేది చెన్నైలో, అదీ అర్ధరాత్రి దాటాక. అక్కడినుంచి నగరి, పుత్తూరు మీదుగా మూడున్నర, నాలుగు గంటల దారి.

ఒకరోజు సాయంత్రం నా షీటు ప్రింటు చూస్తా చూస్తా వేలు ఒక వరస మీద ఆపాడు. "ఏమ్మా, రెండో తేదీ 00:40. బండి ఎప్పుడు పంపిస్తావు?"

"రెండో తేదీ రాత్రి మామా."

"రెండో తేదీ రాత్రికి ఆయన దిగి ఇరవై నాలుగ్గంటలై ఉంటాది. ఒకటో తేదీ సాయంత్రం ఏడుకే బండి తిరుపతి దాటాల."

ఇద్దరం కూర్చుని మొత్తం చూశాం. అర్ధరాత్రికీ తెల్లారి మూడుకీ మధ్య దిగేవాళ్ళ వరసలన్నీ విడిగా తీసి, పక్కన కొత్తగా ఒక గడి పెట్టాం: 'బండి కదిలే తేదీ'. సదస్సు మొత్తంలో అంతకంటే ముఖ్యమైన గడి లేదని నా నమ్మకం. డ్రైవర్లు తమిళనాడు పర్మిట్ ఉన్నవాళ్ళే కావాలని, నగరి దాటాక చెక్‌పోస్టులో గంట నిలబడే పని పెట్టకూడదని కూడా చెప్పింది ఆయనే.

వీసాలు, ఆరోగ్యం సంగతులు వేరే కమిటీవి. అవి తొందరగా చెప్పేస్తాను. ప్రతినిధులు టూరిస్టు వీసా మీద రాకూడదు, కాన్ఫరెన్స్ వీసా తీసుకోవాలి. దానికి మనవైపు హోం శాఖ నుంచి ఈవెంట్ క్లియరెన్సు, విదేశాంగ శాఖ నుంచి పొలిటికల్ క్లియరెన్సు ముందే ఉండాలి. కెన్యా, ఉగాండా లాంటి దేశాలవాళ్ళు ఎల్లో ఫీవర్ టీకా కార్డు తేకపోతే విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. విదేశీయులెవరైనా బస చేస్తే 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. మండపం గదుల్లో దించిన వాళ్ళకైనా అంతే. అందుకని విదేశీయులందర్నీ ఆ పని అలవాటున్న హోటళ్ళకి మార్చి, మనవాళ్ళని మండపానికి పంపాం. ఉపన్యాసాన్ని బూత్‌లో కూర్చుని అప్పటికప్పుడే ఇంకో భాషలో చెప్పే దుబాసీల కమిటీ పని చూసి మాత్రం ఆశ్చర్యపోయాను. ఒక్కో బూత్‌లో ఇద్దరుంటారు, ఇరవై ముప్పై నిమిషాలకోసారి మారతారు. ఉపన్యాసం ముందే ఇవ్వమంటే మన వక్తలు "అప్పటికప్పుడు మాట్లాడతాం మేడం, రాసుకునే అలవాటు లేదు" అన్నారు. బూత్‌లో పిల్లల కష్టం ఆ దేవుడికే తెలియాలి.

రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర వాలంటీర్లు ఒక డిగ్రీ కాలేజీ పిల్లలు. ముందురోజు బ్యాడ్జీలు ఇంటిపేరు ప్రకారం పేర్చారు. అక్కడ మొదలైంది. మన తెలుగువాళ్ళ పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, కానీ ఆ పేరుతో ఆయన్ని పెళ్ళాం కూడా పిలవదు. ఇథియోపియా ఆమెకి రెండో పేరు వాళ్ళ నాన్నది, ఇంటిపేరు కాదు. ఇండోనేషియా నుంచి వచ్చినాయనకి ఉన్నదే ఒక్క పేరు. ఫారంలో ఇంటిపేరు గడి నింపకుండా ముందుకి పోనివ్వదు కాబట్టి ఆయన అదే పేరు రెండుసార్లు రాశాడు. ఆ వాలంటీర్లలో ఒకమ్మాయి, రెండో సంవత్సరం బీకాం, ఆ బ్యాడ్జీల డబ్బాలన్నీ బల్లమీద కుమ్మరించి, "అక్కా, ఫారంలో 'మిమ్మల్ని ఏమని పిలవాలి' అని ఒక గడి ఉండాది గదా, దాని ప్రకారం పెడదాం" అంది. ఆ గడి ఎవరు పెట్టారో తెలీదు, అప్పటిదాకా ఎవరూ దాన్ని చూడలేదు. రాత్రి పదకొండు దాకా కూర్చుని తిరిగి పేర్చారు. పొద్దున్నే మొదట వచ్చినవాళ్ళకి బ్యాడ్జీ చేతికందడానికి ఎంతోసేపు పట్టలేదు.

సదస్సు గురించి వేదిక మీద ఏం జరిగిందో నన్నడగొద్దు. నేను మూడు రోజులూ మండపం గేటు దగ్గరో, ఫోన్ మీదో ఉన్నాను. శ్రీకాళహస్తికి పోయిన బస్సులో కలంకారీ చీరలు కొని ఆలస్యంగా వచ్చిన బృందం కోసం సాంబారు వేడి చేయించింది మాత్రం గుర్తుంది.

తర్వాత లెక్కలు. బిల్లులన్నీ చేరాయి, టీడీఎస్ కట్టాను, ఆడిటర్‌కి ఫైలిచ్చాను. ఒక్క మండపం అడ్వాన్సు మాత్రం వెనక్కి రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా "రేపు రండి మేడం" అంటారు, రేపు పోతే ఓనరు చెన్నై పోయుంటాడు. నేను తిరిగాను, కన్వీనరు తిరిగాడు, స్టేషన్ మాస్టరు మామ నోటుబుక్కులో తేదీలు రాసుకుని మరీ తిరిగాడు. ఆఖరికి లెటర్‌హెడ్ మీద మూడో పేరుకి ఫోన్ చేశాను. ఒక్కసారి కూడా మీటింగుకి రాని మనిషి. ఆయన విషయం విని, "ఓ, వాడా? ఉండు మా" అని పెట్టేశాడు. సాయంత్రం అయిదింటికి మండపం కుర్రాడు కవరు తెచ్చి నా టేబులు మీద పెట్టాడు, ఒక్క రూపాయి తగ్గకుండా. థాంక్స్ చెబుదామని మళ్ళీ ఫోన్ చేస్తే, ఆయన అన్నమాట: "దానికేముంది లే మా. మళ్ళా ఎప్పుడు పెడతారు మీటింగు? ఈసారి స్టేజీ మీద మా తమ్మునికి కూడా ఒక కుర్చీ వెయ్యండి."