ఆ తేడా విత్తనందా, నేలదా?

వేరుశనగలో కొత్త రకాలు తయారుచేసే పని నాది. వాటి గురించి ఎక్కడ మాట్లాడినా రైతులు ముందు అడిగేది ఒకటే: "మేడం, ఎకరాకు ఎన్ని మూటలు?" అడగాల్సిన ప్రశ్నే. కానీ మా అనంతపురంలో దానికి ఇంకో ముక్క చేర్చాలి: ఊడలు (పూత అయ్యాక నేలలోకి దిగి కాయ పట్టే కాడలు) దిగే టైంలో మూడు వారాలు బెట్ట పడితే ఎన్ని మూటలు? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ ఎప్పుడు పడుతుందో తెలియని చోట అసలు పరీక్ష అదే.

మంచి మొక్కను ఏరాలంటే ముందు మొక్కల మధ్య తేడాలుండాలి. వేరుశనగకు పుట్టుకతోనే ఆ తేడాలు తక్కువ. వేల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాలో 20 క్రోమోజోములున్న రెండు అడవి జాతులు కలిసి, క్రోమోజోములు రెట్టింపై, 40 ఉన్న కొత్త మొక్క పుట్టింది. ఆ తర్వాత దానికి 20 క్రోమోజోముల చుట్టాలతో పొత్తు కుదరడం కష్టమైపోయింది. పైగా దాని పువ్వులో పుప్పొడి దానికే రాలుతుంది. బయటికి గుత్తి రకం, తీగ రకం అని వేరుగా కనిపిస్తాయి కానీ లోపల చాలావరకు ఒకటే.

గుడియాత్తం గుత్తి రకం నుంచి ఏరిన టీఎంవీ-2 1940లో విడుదలైంది. మా జిల్లా దశాబ్దాల పాటు దాన్నే నమ్ముకుంది. తర్వాత 2005లో కదిరి-6 వచ్చింది. కదిరి-6 అంటే నాకు గౌరవం. అయినా ఒకే రకం జిల్లా అంతా పరుచుకుంటే నాకు టెన్షనే. ఆకులపై మచ్చలు పడే తిక్క తెగులో తుప్పు తెగులో దాన్ని పట్టిందంటే ఏ చేనూ మిగలదు.

అందుకే సంకరం చేస్తాం, అంటే ఒక రకం పువ్వుకు ఇంకో రకం పుప్పొడి అద్దుతాం. సాయంత్రం నాలుగు దాటాక, మర్నాడు విచ్చబోయే మొగ్గను చూసుకుంటాం. పై రేకును వెనక్కి వంచి, పడవలా ముడుచుకున్న లోపలి రేకును ఫోర్సెప్స్‌తో తెరిచి, పుప్పొడి తిత్తులన్నీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా పని దండగ. పొద్దున్నే ఎండ ముదరకముందే తండ్రి మొక్క పుప్పొడిని కీలాగ్రానికి (పువ్వులో పుప్పొడిని అందుకునే కొనకు) అద్ది, గుర్తుకు దారం కడతాం. కొన్ని రోజులకు అక్కడ ఊడ కనబడితే ఆ రోజంతా నాకు పండగే.

ఆ సంకరం గింజ మొక్కలకు పుట్టిన పిల్లలు, అంటే రెండో తరంలో అసలు కష్టం మొదలవుతుంది. పీకి చూస్తే ఒక మొక్కకు నలభై కాయలు, పక్కదానికి పదిహేను. నలభై కాయలది గట్టు వారన నీళ్లు నిలిచిన చోట ఉందేమో! ఆ తేడా విత్తనందా, నేలదా? అది తేల్చడానికే ఒకే రకాన్ని చేనులో వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో వేసి చూస్తాం. వంద గింజల బరువు లాంటి గుణం పిల్ల మొక్కలకు బాగానే దిగుతుంది. మొక్కకు ఎన్ని కాయలన్నది మాత్రం వానను బట్టి మారిపోతుంది. ఒక్క మొక్క కాయలు చూసి మురిసిపోకూడదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

కొత్త గుణం అడవి జాతి నుంచైనా తేవచ్చు. కార్డెనాసీ అనే అడవి వేరుశనగ నుంచి వచ్చిన తెగుళ్ల నిరోధకతతోనే ధార్వాడ్‌లో జీపీబీడీ-4 అనే రకం తయారైంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో (విత్తన నమూనాలు దాచే చోట) 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలున్నాయి. అన్నీ వేసి చూడలేం కాబట్టి 184 నమూనాల చిన్న కట్ట ఒకటి ఏర్చి పెట్టారు. బెట్టకు నిలిచే గుణం కోసం ముందు వెతకాల్సింది అందులోనే.

ఇంకొకటి, కట్టె, అంటే కాయలు కోశాక మిగిలే మొక్క. వానలు మొండికేసిన ఏడు కాయ చేతికి రాకపోయినా పశువులకు మేత దక్కాలి. ఐసీజీవీ 91114 అనే రకం మా జిల్లాలో కొందరికి నచ్చడానికి దాని కట్టె కూడా ఒక కారణం. మా ప్లాట్లలో కాయ తూకం అయ్యాక కట్టెనూ ఆరబెట్టి తూస్తున్నాం. ఆ లెక్క చూడకుండా ఏ రకాన్నయినా పక్కన పెట్టేస్తామంటే నేను ఒప్పుకోను.