బోర్లించిన క్రేటు

బీటెక్ ఫుడ్ టెక్నాలజీ అయిన వెంటనే భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంట్‌లో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. రెండేళ్లు చేశాను. పొద్దున్న అయిదున్నరకి కంపెనీ బస్సు ఊళ్లమీదుగా వచ్చేది. అప్పటికి చెరువుల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఇంకా తిరుగుతూనే ఉండేవి. మా వీధి పిన్ని కూడా అదే బస్సు ఎక్కేది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. ఆవిడ ఒలుపు హాల్లో రెండో బల్ల దగ్గర నిలబడేది. నేను తెల్లకోటు వేసుకుని, రిజిస్టర్ పట్టుకుని తిరిగేదాన్ని.

ఒకరోజు చూద్దును కదా, పిన్ని కాళ్ల కింద ప్లాస్టిక్ క్రేటు బోర్లించి ఉంది. దానిమీద నిలబడి ఒలుస్తోంది. రొయ్యలు పోసే క్రేటు మీద కాళ్లు పెడతారా అని అందరి ముందూ అడిగాను. "తీసెయ్యమంటావా అమ్మా?" అని దిగిపోయింది. రిజిస్టర్‌లో ఆవిడ పేరు ఎదురుగా "నిర్లక్ష్యం" అని రాశాను. ఎందుకు ఎక్కావు పిన్నీ అని మాత్రం అడగలేదు.

ఆ తర్వాత ఉద్యోగం మానేసి డిజైన్ చదవడానికి వెళ్లాను. అందులో ఎర్గోనామిక్స్ ఒక పేపరు. మనిషిని పనికి తగ్గట్టు వంచడం కాదు, పనిని మనిషికి తగ్గట్టు మలచడం అన్నది ఈ శాస్త్రం మొదటి మాట. మొదటి వారంలోనే రెండో ప్రపంచయుద్ధం నాటి బి-17 విమానాల సంగతి చెప్పారు. నేలమీద దిగాక పైలట్లు రెక్కల ఫ్లాపులు (వెనక అంచున కదిలే పలకలు) మూయబోయి చక్రాలు పైకి లాగేసేవారు, విమానం పొట్టమీద కూలబడేది. పైలట్ తప్పిదం అని రాసేవారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్ట్ కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకి చిన్న చక్రం ఆకారం, ఫ్లాపుల మీటకి రెక్కలాంటి ఆకారం తగిలించాడు. చూడకుండా తడిమినా తెలిసిపోయేలా. ఇవాళ్టికీ విమానాల్లో ఆ చక్రం ఆకారమే ఉంది. క్లాసులో అందరూ విమానం గురించి ప్రశ్నలు అడుగుతుంటే నాకు నా రిజిస్టరే కళ్ల ముందు కదిలింది.

పోయిన వేసవిలో ప్రాజెక్టు కోసం ఇంటికి వచ్చాను. పిన్ని ఇప్పుడు వేరే ప్లాంట్‌లో చేస్తోంది. అక్కడి మేనేజరుగారు కొలతలు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మొదట కొలిచింది మోచేతి ఎత్తు. నిటారుగా నిలబడి, చెయ్యి మోచేతి దగ్గర మడిస్తే నేల నుంచి అక్కడిదాకా ఎంత అని. నిలబడి చేసే తేలికపాటి చేతిపనికి చేతులు మోచేతి కంటే అయిదు నుంచి పది సెంటీమీటర్లు కిందుండాలి. బల్ల ఎత్తు 90. కాగితం మీద బాగానే ఉంది. కానీ పని జరిగేది బల్లమీద కాదు. బల్లమీద ట్రే, ట్రేలో ఐసు, ఐసు మీద రొయ్యలు. చేతులు ఆడే ఎత్తు కొలిస్తే 100 దాకా వచ్చింది. పిన్ని మోచెయ్యి 89 దగ్గర ఉంది. అంటే షిఫ్టు మొత్తం భుజాలు పైకెత్తి, మోచేతులు పక్కలకి విప్పి ఒలుస్తోందన్నమాట. పక్కన నిలబడ్డ పొడుగావిడ మోచెయ్యి 104. ఆ బల్ల దాదాపు ఆవిడకి కొలిచి చేయించినట్టే ఉంది.

సగటు చూసి ఒక ఎత్తు పెట్టేస్తే సరిపోదా అని మేనేజరుగారు అడిగారు. మంచి ప్రశ్నే. దానికి అమెరికా వైమానిక దళంలో గిల్బర్ట్ డేనియల్స్ 1952లో జవాబు చెప్పాడు. 4,063 మంది పైలట్ల కొలతల్లో పదింటిని తీసుకుని, పదింటిలోనూ సగటుకి దగ్గరగా ఉన్నవాళ్లెందరని వెతికితే ఒక్కరూ దొరకలేదు. అలాంటి లెక్కల వల్లే సీట్లు, పెడల్స్ మనిషిని బట్టి జరుపుకునేలా చేయాలన్న పట్టుదల వచ్చింది.

అంబాజీపేట దగ్గర మా మావయ్య కొబ్బరికాయలు వలుస్తాడు. ఆయనకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు. నేలలో గునపం పాతేటప్పుడే మొన తన తొడ దగ్గర ఎక్కడికి వస్తుందో చూసుకుంటాడు, ఎత్తయితే ఇంకాస్త దిగేస్తాడు. పక్కన వలిచే ఆయన పొడుగు, ఆయన గునపం ఎత్తు వేరు. ఒలుపు హాల్లో ఆడవాళ్లకి ఆ వీలు లేదు. స్టీలు బల్ల కదలదు, దాని ఎత్తు వాళ్లని అడిగి పెట్టిందీ కాదు.

చేతుల సంగతి ఇంకా చెప్పాలి. వనామీ రొయ్య 100 కౌంట్ అంటే కిలోకి వంద తూగుతాయి. ఇరవై కిలోలు ఒలిస్తే రెండు వేల రొయ్యలు. పిన్ని పక్కన నిలబడి ఒక్కో రొయ్యకి కదలికలు లెక్కపెట్టాను. తల ఒక్క విరుపు, పొట్టుకి రెండు లాగుళ్లు, నరానికి ఒక గీత. నాలుగు. అంటే ఎనిమిది వేల కదలికలు. అవన్నీ ఐసులో. చలికి వేళ్ల కొసలకి స్పర్శ తగ్గితే చెయ్యి తనకి తెలియకుండానే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. దానికితోడు గ్లోవ్స్ అన్నీ ఒకటే సైజు. పిన్ని గ్లోవ్ వేళ్ల చివర అర అంగుళం ఖాళీగా మడతపడి, ప్రతిసారీ రొయ్య తోకకి చిక్కుకుంటోంది. జారకుండా మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు వేసుకుంది. సాయంత్రం ఆ బ్యాండు తీస్తే కింద ఎర్రటి గీత. ఈ గ్లోవ్స్‌లో చిన్న సైజు మార్కెట్లో దొరుకుతుంది. ఎవరూ తెప్పించలేదు, అంతే.

భంగిమకి మార్కులు వేసే రూలా అనే పద్ధతి ఉంది, 1993లో ఇంగ్లండ్‌లో తయారైంది. 1 మంచిది, 7 వస్తే వెంటనే మార్చాలని. పిన్నికి 6 వచ్చింది. ఆ అంకె ఆవిడకి చెప్తే, "రాత్రి ఇక్కడ లాగుతుందే, దానికి ఎన్ని మార్కులు?" అని మెడకీ భుజానికీ మధ్య చెయ్యి పెట్టి చూపించింది.

చివరికి చేయించింది పీట. రంధ్రాలున్న స్టీలు పీట, నీళ్లు నిలవకుండా. క్రేటు విషయంలో నా భయం పూర్తిగా తప్పేమీ కాదు. తడినేల మీద అది తిరగబడుతుంది, ఆహారం పెట్టే వస్తువు మీద కాళ్లు పెట్టకూడదు. కానీ ఆవిడ కనిపెట్టిన ఎత్తు మాత్రం సరైనది. 15 సెంటీమీటర్ల పీట ఎక్కితే పిన్ని మోచెయ్యి కూడా 104కి వస్తుంది. అలాంటి పాత క్రేటు ఒకటి గోడౌన్‌లో ఉంటే బోర్లించి కొలిచాను. 17.

పీటలు ఆరు వచ్చాయి. మొదటిది పిన్నికే వేశాం. ఎక్కి, కాళ్లు సర్దుకుని, రెండు రొయ్యలు ఒలిచి ఆగింది. "ఇంకొంచెం లోపలికి తొయ్యమ్మా, కాలివేళ్లు బల్ల కిందికి వెళ్తే వంగక్కర్లేదు" అంది. నేను గీసిన డ్రాయింగ్‌లో ఆ సంగతే లేదు. తోశాం. ఇంకో పావుగంట పనిచేసి, చెయ్యి ఆపకుండానే అడిగింది:

"మరి రాత్రి షిఫ్టు వాళ్లకి?"

నేను కొలిచింది పగటి షిఫ్టు వాళ్లనే. ఆ సాయంత్రం బస్సు ఎక్కకుండా టేపు పట్టుకుని అక్కడే ఉండిపోయాను.