భయము సంభవించు దినమున ఇంటిల్లిపాదీ

విశ్వాసుల ఇళ్లలో భయం గురించిన మాట అంత సులభంగా బయటికి రాదు. అప్పుల కోసం, జబ్బుల కోసం, పిల్లల చదువుల కోసం, సంబంధాల కోసం సంఘమంతటి ముందు లేచి నిలబడి ప్రార్థన చేయమని అడుగుతాం. కానీ రాత్రుళ్లు భయం వేస్తోందని ఒక తండ్రి కనీసం తన భార్యతోనైనా చెప్పుకోవడం నేను చాలా అరుదుగా విన్నాను. చెబితే విశ్వాసం సన్నగిల్లిందని అనుకుంటారేమోనన్న సంకోచమే అందుకు కారణం. భయపడుతున్న కుటుంబానికి సహాయం చేయాలనుకునేవారు ముందుగా ఈ సంకోచాన్ని తొలగించాలని, పెద్దలూ పిల్లలూ కలిసి తమ భయాన్ని ఉన్నది ఉన్నట్టుగా దేవుని ఎదుట పెట్టినప్పుడే ఆ ఇంట నమ్మకం మొదలవుతుందని నేను మనసారా నమ్ముతున్నాను.

విశాఖపట్నంలో కాపురముండేవారు భయానికి కారణాలు వెతుక్కోనక్కరలేదు. 2014 అక్టోబర్ 12 ఆదివారం నాడు, ఆరాధనలో ఉండవలసిన వేళ, హుద్‌హుద్ తుఫాను మన నగరం మీదుగానే తీరం దాటింది. మధ్యలో గాలి నెమ్మదించినప్పుడు గండం గడిచిందనుకున్న వారికి, తుఫాను కన్ను దాటిన తరువాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ వీచిన గాలి మొదటిదానికంటే ఎక్కువ భయం పుట్టించింది. ఆనాటి పిల్లలు ఇప్పుడు పెద్దవారయ్యారు గానీ, బంగాళాఖాతంలో వాయుగుండమన్న వార్త వినగానే వారిలో కొందరికి ఇప్పటికీ కంటి మీద కునుకు పట్టదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు వెలువడినప్పుడు నిద్రలోనుంచి లేచి పిల్లలను ఎత్తుకుని పరుగెత్తిన తల్లులు ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో తన వాటాను పూర్తిగా ఉపసంహరించుకోవాలని 2021 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించిన నాటి నుంచి గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఇళ్లలో కనిపించే భయం వేరు. అది నెల జీతం గురించినది, పైకి చప్పుడు చేయనిది, కాబట్టి ఇరుగుపొరుగుకు తెలియనిది.

ఇలాంటి ఇంటికి వెళ్లి "భయపడకండి" అని చెప్పి వచ్చేయడం వల్ల మేలు జరగదు. లేఖనం అలా తేల్చివేయలేదు. ఫిలిష్తీయులు గాతులో పట్టుకున్నప్పుడు దావీదు రాసిన 56వ కీర్తనలో "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను" అనే మాట ఉంది. భయం కలగదని అతడు అనలేదు. కలిగిన రోజున ఎవరి దగ్గరికి వెళ్తాడో చెప్పాడు. ఆ తరువాతి వచనంలో "నేను భయపడను" అని కూడా అతడే అన్నాడు. ఆ రెండు మాటలూ ఒకే నోట, ఒకే ప్రార్థనలో వచ్చాయంటే, ఒకే రాత్రిలో భయపడుతూ, ధైర్యం తెచ్చుకుంటూ, మళ్లీ భయపడుతూ ఉండే మన తల్లిదండ్రులను చూసి దేవుడు ఆశ్చర్యపోడని నాకు గొప్ప ఆదరణ కలుగుతుంది.

కుటుంబాల విషయానికి వస్తే, నేను అన్నిటికంటే ముందుగా చూపించేది రెండవ దినవృత్తాంతముల 20వ అధ్యాయం. మోయాబీయులు, అమ్మోనీయులు గొప్ప సైన్యంగా వస్తున్నారని తెలిసినప్పుడు రాజైన యెహోషాపాతు భయపడ్డాడని గ్రంథం దాచకుండా చెబుతుంది. అతడు ఆ భయాన్ని రాజభవనంలో దాచుకోక, ఉపవాసం చాటించి, జనులందరూ వింటుండగా "ఏమి చేయుటకును మాకు తోచదు, నీవే మాకు దిక్కు" అని ప్రార్థించాడు. సింహాసనం మీద కూర్చునేవాడు తనకు ఏమీ తోచడం లేదని ప్రజల ముందు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇంటి పెద్ద తన పిల్లల ముందు అదే మాట అనడం కూడా అంత కష్టమే. ఆ వెంటనే ఉన్న వచనాన్ని మనం తరచుగా చదివి దాటిపోతాం: యూదావారందరూ తమ శిశువులతో, భార్యలతో, పిల్లలతో యెహోవా సన్నిధిని నిలబడ్డారు. పసిపిల్లలకు ఎందుకులే అని వారిని ఇంటి దగ్గర వదిలి రాలేదు.

పిల్లలకు తెలియకూడదని మనం గొంతు తగ్గించి మాట్లాడుకునే సంగతులు పిల్లలకు దాదాపు ఎప్పుడూ తెలుస్తూనే ఉంటాయి. తెలియనిదల్లా వాటిని ఏమి చేయాలన్నదే. జాలరిపేటలోని ఒక విశ్వాసి ఇంట్లో తండ్రి వేటకు వెళ్లి ఉండగా సముద్రం మారిందనుకుందాం. "నాన్నకేం కాదు, పడుకో" అని తల్లి అంటే ఆ బిడ్డ భయం పోదు, దానికి ఒంటరితనం తోడవుతుంది. అదే తల్లి బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని "ప్రభువా, నాన్న బోటు ఇంకా రాలేదు, మాకు చాలా భయంగా ఉంది, నీవు నాన్నతో ఉండు, మాతోనూ ఉండు" అని ప్రార్థిస్తే, భయం వేసినప్పుడు ఎవరితో చెప్పుకోవాలో ఆ బిడ్డ తన జీవితమంతటికీ నేర్చుకుంటుంది. కుటుంబ ప్రార్థన ఇంతకంటే పొడవుగా ఉండనక్కరలేదు. అలవాటైన పెద్ద పెద్ద మాటలు ఆ రాత్రి లేకపోయినా ఫరవాలేదు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. 91వ కీర్తన మన ఇళ్లలో గుమ్మం మీద, గోడల మీద, కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డుల మీద కనిపిస్తుంది, అది మంచిదే. కానీ దానిని చదివితే ఏ అపాయమూ రాదని పిల్లలకు నేర్పడం ప్రమాదకరం. దేవాలయ శిఖరం మీద శోధకుడైన సాతాను యేసుకు ఎత్తి చూపిన మాట ఆ కీర్తనలోనిదేనని మత్తయి సువార్త 4వ అధ్యాయం చెబుతోంది. ప్రభువు ఆ వాగ్దానాన్ని కాదనలేదు, దానితో తండ్రిని పరీక్షించడానికి మాత్రం ఒప్పుకోలేదు. ప్రార్థించిన తరువాత కూడా ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. వారి విశ్వాసం చాలలేదని ఎవరైనా అనడం విన్నప్పుడు నాకు తీవ్రమైన బాధ కలుగుతుంది.

మన నగర చరిత్రలోనే ఇందుకు సాక్ష్యం ఉంది. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డి గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరి, తెలుగు నేర్చుకుని, సువార్తలను తెలుగులోకి మార్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని సీరాంపూరులో అచ్చయ్యాయి; ఆ ఇద్దరూ వాటిని చూడలేదు. దేవుడు వారి ఆయుష్షును మనం కోరుకునే విధంగా పొడిగించలేదు, అయినా వారి ప్రయాసను వ్యర్థం కానివ్వలేదు. భయపడే కుటుంబానికి మనం నిజాయితీగా ఇవ్వగలిగిన హామీ ఆయన విడిచిపెట్టడన్నదే. దాన్ని మించి మాట ఇచ్చే అధికారం మనకు లేదు.

నమ్మకం జాగ్రత్తలను మాన్పించదు. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో, తుఫానులో చిక్కుకున్న ఓడ మీద, ఎవరి ప్రాణానికీ నష్టం రాదని దేవదూత చెప్పిన తరువాత కూడా, నావికులు పడవ దింపుకుని పారిపోబోతే పౌలు శతాధిపతిని హెచ్చరించాడు. పద్నాలుగు రోజులుగా తిండి మానిన 276 మందిని భోజనం చేయమని బతిమాలి, అందరి ఎదుట రొట్టె పట్టుకుని దేవునికి కృతజ్ఞతలు చెప్పి తాను తిన్నాడు. కాబట్టి తుఫాను హెచ్చరిక వస్తే పునరావాస కేంద్రానికి వెళ్లడం, మందులు, పత్రాలు సర్దుకోవడం అవిశ్వాసం కాదు. వారాల తరబడి నిద్ర పట్టక, గుండె దడతో పని చేసుకోలేని స్థితి ఉంటే వైద్యుని దగ్గరికి వెళ్లడం కూడా అంతే. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది; మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా మాట్లాడవచ్చు. ఈ సంగతులను కాపరులు ప్రసంగ వేదిక మీద నుంచే చెబితే, సిగ్గుపడి వెనకాడుతున్న ఎంతోమందికి దారి దొరుకుతుంది.

సంఘాలవారిని నేను కోరేది ఒకటుంది. పరామర్శకు వెళ్లినప్పుడు వచనం చెప్పడానికి తొందరపడకండి. ఇంట్లో అమ్మమ్మ నుంచి చిన్నబిడ్డ వరకు ఎవరు దేనికి భయపడుతున్నారో చెప్పనివ్వండి. తరువాత వారు వాడిన మాటలతోనే, వారి పేర్లు ఎత్తి ప్రార్థించండి. భర్త ఆసుపత్రిలో ఉండి భార్య పిల్లలతో ఒంటరిగా ఉన్న ఇల్లయితే, ఆ రాత్రి తోడు పడుకోవడానికి స్త్రీల సమాజం నుంచి ఒకరిని పంపండి.