ఐదోది దైవం

తుపాను కబురు తెలిసినప్పటి నుంచి ఫోనులో వాతావరణ శాఖ మ్యాపు తప్ప ఇంకేదీ చూడబుద్ధి కావడం లేదు. ఆఫీసు మీటింగులో కూడా అదే ధ్యాస. కోనసీమలో మా వరి కోత అయిపోయి చేలో పనల మీద ఉంది. టెన్షన్ మాత్రం హైదరాబాదులో కూర్చున్న నాకు.

మధ్యాహ్నం నాన్నకు ఫోన్ చేశాను. "మన రాత ఎలా ఉంటే అలా జరుగుద్దమ్మా. నువ్వు అన్నం తిన్నావా?" అన్నారు. ఈ మాట వింటే నాకు చిరాకు వస్తుంది, చేతులెత్తేసినట్టు ఉంటుంది. కానీ వెనకాల కూలీల కేకలు వినిపిస్తున్నాయి. అప్పటికే సగం చేను కుప్ప వేయించేశారు. బరకాలు తెప్పించారు. మిగిలిన పనలు తడిస్తే మొలక రాకుండా చల్లడానికి ఉప్పు కూడా సిద్ధంగా పెట్టుకున్నారు, లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన. ఇన్ని పనులు చేస్తూనే రాత అంటున్నారు.

1966లో జూలియన్ రాటర్ అనే అమెరికా సైకాలజిస్టు 29 జతల వాక్యాలతో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. జరిగేది మన చేతుల్లో ఉందని నమ్ముతామా, అదృష్టమో విధో నడిపిస్తుందని నమ్ముతామా అన్నది దాంతో తేల్చాలని. ఒక్కో జతలో ఒక్కటే ఎంచుకోవాలి. నాన్న చేతికిస్తే రెండింటికీ టిక్కు పెడతారు. గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా ఐదు కారణాలు చెప్పారు: చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. నాన్న లెక్క కూడా అదే వరసలో నడుస్తుంది.

1996 నవంబరు తుపానుకు మా కొబ్బరి తోట చాలావరకు నేలకూలింది. అప్పుడు ఆయన్ని నిలబెట్టింది ఈ రాత అన్న మాటే. అలా చేసి ఉంటే, ఇలా చేసి ఉంటే అని తనను తాను తవ్వుకుంటూ కూర్చోలేదు. ఊరందరిదీ పోయింది, మన ఒక్కరిదే కాదు అనుకుని మళ్ళీ మొక్కలు నాటారు. కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు ఆగాలి. నేరమంతా నెత్తిన వేసుకున్న మనిషికి అంత ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది?

అయితే ఈ మాటను ఎక్కడపడితే అక్కడ వాడితే నేను ఒప్పుకోను. మురుగు కాలువలో పూడిక తీయక చేను మునిగితే అది నుదుటి రాత కాదు. ఆ సంగతి మా వైపు రైతులకు బాగా తెలుసు. 2011లో కోనసీమలో ఖరీఫ్ సాగు మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు కాలువల బాగు గురించి కూడా గట్టిగా అడిగారు. రాతను నమ్మే మనుషులే వాళ్లంతా.

మ్యాపు ఎన్నిసార్లు చూసినా గాలి దిశ మారదు కదా. సాయంత్రం కూలి డబ్బులు పంపాను, లీవు అడిగాను, రాత్రి బస్సుకు టికెట్ తీసుకున్నాను. అప్పటి నుంచి గుండెల్లో దడ కొంచెం తగ్గింది. "వానలో నువ్వొచ్చి ఏం చేస్తావమ్మా" అని నాన్న వద్దన్నారు. వాన తగ్గాక పనలు తిరగెయ్యడానికి మనుషులు దొరకరు నాన్నా, వస్తున్నాను అన్నాను.