స్లఫ్‌కోవ్‌స్కీకి 2025-26లో 25 గోల్స్ రావాలంటే

ఐస్ హాకీ జట్టు మాంట్రియల్ కెనడియన్స్‌లో వింగర్ (పక్కల నుంచి ఆడే ఫార్వర్డ్) యురాయ్ స్లఫ్‌కోవ్‌స్కీ లెక్కలు మాత్రమే చూస్తే కుర్రాడు ఎక్కడి వాడు అక్కడే ఉన్నాడనిపిస్తుంది. 2023-24లో 82 మ్యాచ్‌లాడి 20 గోల్స్, 30 అసిస్టులు (గోల్‌కి దారితీసిన పాస్‌లు). 2024-25లో 79 మ్యాచ్‌లకు 18 గోల్స్, 33 అసిస్టులు. రెండూ కలిపితే అప్పుడు 50 పాయింట్లు, తర్వాత 51. 2025 అక్టోబర్‌లో మొదలయ్యే 2025-26 సీజన్‌తో ఎనిమిదేళ్ల కాంట్రాక్టు కూడా అమల్లోకి వస్తోంది. సగటున ఏడాదికి 76 లక్షల డాలర్లు. అంత డబ్బుకి ఇంతేనా అని అడిగేవాళ్లు ఉంటారు, అడగడంలో తప్పూ లేదు. నా దృష్టిలో మాత్రం అతని ఆట పెరిగింది. పెరగనిది గోల్ వైపు వెళ్లే అలవాటు.

ఇతని మీద అంచనాలు మొదటే దారి తప్పాయి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ల వయసులో 7 మ్యాచ్‌ల్లో 7 గోల్స్ కొట్టాడు. స్లొవేకియాకి కాంస్యం, ఇతనికి టోర్నీ ఉత్తమ ఆటగాడి అవార్డు వచ్చాయి. అదే సీజన్‌లో ఫిన్లండ్ లీగ్‌లో టీపీఎస్ తరఫున 31 మ్యాచ్‌లాడితే వచ్చినవి 5 గోల్సే. బీజింగ్‌కి ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) ఆటగాళ్లు రాలేదన్న సంగతీ, ఫిన్లండ్ లెక్కా పక్కన పెట్టి అందరూ ఆ ఏడు గోల్స్‌నే పట్టుకున్నారు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త కుర్రాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) అందరికన్నా ముందు మాంట్రియల్ ఎంచుకున్నది ఇతన్నే. 18 ఏళ్లకే నేరుగా ఎన్‌హెచ్‌ఎల్‌లో దింపారు. 39 మ్యాచ్‌లు, 4 గోల్స్, జనవరిలో గాయం, సీజన్ అక్కడితో సరి.

ఆ ఏడాది అసలు ఇబ్బంది గోల్ దగ్గర కాదు, సొంత జోన్‌లో (తమ గోల్ ఉన్న వైపు భాగంలో) బోర్డుల పక్కన, అంటే రింక్ చుట్టూ ఉండే గోడ దగ్గర. వింగర్ పనిలో సగం అక్కడే ఉంటుంది, టీవీలో అది ఎవరికీ కనపడదు. మన డిఫెన్స్‌మన్ పక్‌ని (బంతి బదులు వాడే రబ్బరు బిళ్లని) గోల్ వెనక నుంచి బోర్డు వెంబడి తోస్తాడు. దాన్ని అందుకోడానికి వింగర్ గోడ పక్కన నిలబడతాడు. సరిగ్గా అప్పుడే అవతలి డిఫెన్స్‌మన్ బ్లూ లైన్ (జోన్ అంచు గీత) వదిలి మీదికి దూసుకొస్తాడు. పక్ చేరేలోపు భుజం మీదుగా కనీసం రెండుసార్లు వెనక్కి చూసుకోవాలి. నడుము గోడ వైపు ఉంచి, రింక్ మొత్తం కళ్ల ముందు ఉండేలా ఒళ్లు తిప్పుకోవాలి. వచ్చేవాడు చేయి చాపితే అందేంత దగ్గరుంటే పక్‌ని ఆపనే కూడదు. ఒక్క తాకుతో మధ్యలో ఆడే సెంటర్ ఫార్వర్డ్‌కి ఇవ్వాలి, లేదా గోడకి కొట్టి అతన్ని దాటించాలి. చోటుంటేనే తీసుకుని కదలాలి. కుర్రాళ్లు చేసే పొరపాటు ఒకటే: పక్‌ని ఆపి, తల దించి, అప్పుడు ఆలోచించడం. ఆ అర సెకనులో పక్ పోతుంది, ఒక్కోసారి ఒళ్లూ హూనమవుతుంది.

స్లఫ్‌కోవ్‌స్కీ అది నేర్చుకున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి గోడ దగ్గర ముందే చూసుకుని నిలబడితే కదిలించడం ఎవరి తరమూ కాదు. 2023-24 సగంలో నిక్ సుజుకీ, కోల్ కాఫీల్డ్‌ల లైన్‌లోకి (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌ల జట్టులోకి) వచ్చి కుదురుకున్నది దీనివల్లే. వాళ్లిద్దరూ చిన్నపాటి మనుషులు. పక్‌ని గెలిచి తెచ్చిపెట్టేవాడు వాళ్లకి కావాలి.

చిక్కు కూడా అక్కడే ఉంది. కాఫీల్డ్ 2024-25లో 37 గోల్స్ కొట్టాడు. అలాంటివాడు పక్కనుంటే ఎవరైనా అతనికే ఇస్తారు. ఇవ్వడం వరకూ బాగానే ఉంది. ఇచ్చాక ఇతను గోడ దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోతాడు. పాస్ వదిలిన మరుక్షణం మూడు గట్టి అడుగులు గోల్ ముందుకి పడాలి. ఈ సీజన్‌లో నేను అన్నిటికన్నా ముందు గమనించేది ఆ మూడు అడుగులే.

గోల్ ముందు పని మొరటుగా కనిపిస్తుంది గానీ లెక్క చాలా సన్నం. క్రీజ్ (గోల్ ముందు గీసిన గోల్‌కీపర్ ప్రాంతం) అంచుకి అర అడుగు బయటే నిలబడాలి. లోపలికి వెళ్లి గోలీ (గోల్‌కీపర్) కదలికకి అడ్డుపడితే గోల్ రద్దవుతుంది. షాట్ వదిలే క్షణంలో గోలీ కళ్లకి అడ్డం ఉండాలి. స్టిక్ బ్లేడ్ మంచు మీదే ఉండాలి, కింది చేతి పట్టు బిగించి ఉండాలి, లేకపోతే వెనకనున్న డిఫెన్స్‌మన్ స్టిక్‌ని ఎత్తేస్తాడు. క్రాస్‌బార్ నాలుగడుగుల ఎత్తు. అంతకన్నా పైన స్టిక్‌తో తాకించిన పక్ లోపలికి వెళ్లినా లెక్కలోకి రాదు. షాట్ దాటగానే చూస్తూ ఉండకుండా ఒళ్లు తిప్పి రీబౌండ్‌కి (గోలీకి తగిలి తిరిగొచ్చే పక్‌కి) సిద్ధం కావాలి. ఇంత ఒళ్లున్నవాడికి ఇది వాటంగా ఉండాల్సిన పని. కానీ షిఫ్ట్ (మంచు మీద ఒక విడత ఆట) 45 సెకన్లు దాటితే ఇతని కాళ్లు ఆగిపోతాయి, మళ్లీ గోడ దగ్గరికి జారుకుంటాడు.

పవర్ ప్లేలో (అవతలి జట్టు ఆటగాడు శిక్ష పడి బయట ఉన్నప్పటి ఆటలో) చోటు కోసం పోటీ పెరిగింది. పాట్రిక్ లైనీ 2024-25లో 52 మ్యాచ్‌ల్లో 20 గోల్స్ కొట్టాడు, ఎక్కువ భాగం పవర్ ప్లేలోనే. ఇవాన్ డెమిడోవ్ 2025 ఏప్రిల్‌లో వచ్చి తొలి మ్యాచ్‌లోనే గోల్, అసిస్ట్ రెండూ అందుకున్నాడు. బ్లూ లైన్ దగ్గర డిఫెన్స్‌మన్ లేన్ హట్సన్‌కి తోడు ఇప్పుడు నోవా డాబ్సన్ కూడా ఉన్నాడు. పక్కల నుంచి కొట్టే చోట్లు ఇతనికి దక్కవు, దక్కకపోవడమే మేలు. గోల్ ముందు స్థానం ఖాయం చేసుకుంటే హట్సన్ షాట్ల నుంచే ఐదారు గోల్స్ రాలతాయి.

25 గోల్స్ అంటే లెక్క కష్టమేమీ కాదు. మ్యాచ్‌కి సగటున రెండున్నర షాట్లు, 82 మ్యాచ్‌లకు 205. నూటికి పన్నెండు లోపలికి వెళ్తే 25 దగ్గరికి వస్తాయి. ఆ పన్నెండు శాతం గోల్ ముందు నుంచి కొడితే వస్తుంది, గోడ దగ్గర నుంచి కొడితే రాదు. నా అంచనా 25 గోల్స్, 60 పాయింట్లు. 2026 ఫిబ్రవరిలో మిలాన్ ఒలింపిక్స్ ఉన్నాయి, ఈసారి ఎన్‌హెచ్‌ఎల్ వాళ్లూ ఆడతారు. స్లొవేకియా భారమంతా ఇతని మీదే పడుతుంది కాబట్టి మార్చిలో కాళ్లు బరువెక్కితే ఆ 25 కాస్తా 21 దగ్గర ఆగొచ్చు.