బంకు మారిస్తే బండి గుంజుతదా? నా మైలేజీ పుస్తకం

"బావా, నువ్వు పోయించే బంకుల పెట్రోల్ పల్చగుంటది. నేను చెప్పిన కాడ పోయించు, బండి ఎట్ల గుంజుతదో నువ్వే చూస్తవ్."

ఆగస్టులో మా బామ్మర్ది అన్న ఈ మాటతోనే ఇదంతా మొదలైంది. వాడిది బైకు. నాది 2018 మోడల్ స్విఫ్ట్, పెట్రోలు బండి, ట్యాంకు 37 లీటర్లు. నేను రోజూ నల్లగొండ నుంచి మిర్యాలగూడకు డ్యూటీకి పోయి వస్తాను. తిప్పర్తి, మాడుగులపల్లి, వేములపల్లి మీదుగా ఒకే రోడ్డు, రానూపోనూ ఎనభై కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి పరీక్షకు ఇంతకంటే మంచి దారి దొరకదనిపించింది. మా పాప వాడి పడేసిన లెక్కల నోటు పుస్తకంలో మిగిలిన పేజీలు తీసుకున్నాను.

మూడు కంపెనీల బంకులు ఎంచుకున్నాను. పుస్తకంలో వాటిని ఏ, బి, సి అని రాసుకున్నాను, ఇక్కడా అంతే. ఒక్క బంకులో జరిగినదాన్ని పట్టుకుని మొత్తం కంపెనీని అనడం న్యాయం కాదు.

కొలిచే పద్ధతి ఇది. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగగానే చాలు అనాలి. రౌండ్ ఫిగర్ కోసం "ఇంకో ఇరవై రూపాయలది పట్టిస్తా సార్" అంటే ఒప్పుకోకూడదు. ఒక్కో బంకులో ఎప్పుడూ ఒకే పంపు దగ్గర, బండిని ఒకే వైపు తిప్పి నిలబెట్టాలి. నేల కొంచెం వాలుగా ఉన్నా ట్యాంకులో అర లీటరు తేడా వస్తుంది. దాదాపు 485 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఫుల్ చేయించి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీని నేను నమ్మను. నా బండిలో అది ఎప్పుడూ ఒకటి, ఒకటిన్నర ఎక్కువే చూపిస్తుంది.

సెప్టెంబరంతా ఏ, అక్టోబరంతా బి, నవంబరంతా సి. వరుసగా 17.4, 17.1, 15.8 వచ్చాయి.

15.8 చూడగానే తీర్పు చెప్పేశాను, సి బంకు పనికిరాదని. ఇంట్లో చెప్పాను, ఆఫీసులో చెప్పాను. బామ్మర్దికైతే ఫోన్ చేసి మరీ చెప్పాను. తర్వాత ఒక సాయంత్రం వేములపల్లి దగ్గర వడ్ల ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయాను. మొదటి గేరు, రెండో గేరు, ఆగుడు, మళ్లీ మొదటి గేరు. నలభై నిమిషాలకు ఆరు కిలోమీటర్లు. అప్పుడు వెలిగింది. నవంబరంటే వానాకాలం పంట కోతలు. జిల్లా వడ్లన్నీ మిర్యాలగూడ రైస్ మిల్లుల దారి పట్టే నెల. నెలంతా ఆ ట్రాక్టర్ల వెనకే పాకి, నేరం పెట్రోలు మీద వేశాను.

అంతటితో అయిపోలేదు. మర్నాడు పంక్చర్ షాపులో గాలి చూపిస్తే ముందు టైర్లు రెండింటిలో డోరు దగ్గరి స్టిక్కర్ మీద రాసినదానికంటే ఏడు పాయింట్లు తక్కువున్నాయి. "రెండు నెలల సంది గాలి కొట్టియ్యలేదా అన్నా?" అని అడిగాడు ఆ పిల్లాడు. ఆగస్టు తర్వాత కొట్టించలేదని వాడికి చెప్పలేదు.

డిసెంబరు ఒకటిన కొత్త పేజీ తీశాను. ఈసారి నెలకో బంకు కాదు, ట్యాంకుకో బంకు. ఏ, బి, సి, మళ్లీ ఏ. వాన, చలి, ట్రాఫిక్ ఏదొచ్చినా మూడింటికీ సమానంగా తగలాలని. ప్రతి ఫుల్ ట్యాంకు ముందు పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించాను. సంక్రాంతి వారం ట్యాంకును లెక్కలోంచి తీసేశాను. ఆ వారం హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. పంతంగి టోల్‌గేట్ దగ్గర పండగ రష్ తెలిసినవాళ్లకు కారణం చెప్పక్కర్లేదు.

ఒక్కో బంకుకు నాలుగు ట్యాంకులు పూర్తయ్యేసరికి మార్చి వచ్చింది. ఏ: 1,952 కిలోమీటర్లు, 111.2 లీటర్లు, అంటే 17.55. బి: 1,938 కిలోమీటర్లు, 112 లీటర్లు, 17.3. సి: 1,946 కిలోమీటర్లు, 109.9 లీటర్లు, 17.7. నవంబరులో నేను తిట్టిన సి పైకొచ్చి కూర్చుంది!

అలాగని సి గెలిచిందనీ అనలేను. 'ఏ' అని రాసుకున్న బంకు నాలుగు ట్యాంకులూ విడివిడిగా చూస్తే 17.8, 16.9, 18.1, 17.4. ఒకే బంకు, ఒకే పంపు, ఒకే డ్రైవరు, అయినా 1.2 తేడా. మూడు బంకుల సగటుల మధ్య తేడా 0.4. ఇంటి తరాజు కిలో అటూ ఇటూ చూపిస్తుంటే దాని మీద పావుకిలో తేడా తేల్చినట్టే ఉంటుంది.

బిల్లుల మీద డెన్సిటీ, అంటే లీటరు పెట్రోలు ఎన్ని గ్రాములుందో, అది కూడా ఉంటుంది. దాన్నీ రాసుకుంటూ వచ్చాను. పదిహేను డిగ్రీల దగ్గర పెట్రోలు డెన్సిటీ 720 నుంచి 775 మధ్య ఉండొచ్చని ప్రమాణం. నాకు ఒకే బంకులో ఒకసారి 742, మరోసారి 755 కనిపించింది. రెండూ సక్రమమే. చిక్కగా ఉన్న లీటరులో శక్తి కాస్త ఎక్కువ. అంటే బ్రాండు మారకపోయినా బంకుకు వచ్చే ట్యాంకరు లోడు మారితే పెట్రోలు మారినట్టే. బామ్మర్ది అన్న "పల్చన" అక్కడివరకు నిజమే, కాకపోతే దానికీ బోర్డు మీది పేరుకూ సంబంధం లేదు.

అసలు సరుకు వచ్చే దారి చూసినా అంతే. ఏ ప్రాంతంలో ఎవరి డిపో దగ్గరగా ఉంటే అక్కడినుంచి మిగతా కంపెనీలు కూడా తీసుకునే ఏర్పాటు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి అందరికీ బీఎస్ 6 (భారత్ స్టేజ్ 6) కాలుష్య ప్రమాణమే, గంధకం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. కంపెనీలు తేడా చూపించేది కలిపే మందుల్లో, అదీ ఎక్కువగా ప్రీమియం రకాల్లో. అవి ఇంజెక్టర్లకు, వాల్వులకు మసి పట్టకుండా చూస్తాయి. ఆ ఫలితం వేల కిలోమీటర్ల మీద తెలియాలి తప్ప బంకు గేటు దాటగానే పికప్ రాదు.

మైలేజీ మీద బ్రాండు కంటే పెట్రోలులో కలిపే ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) ప్రభావమే పెద్దది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఇరవై శాతం కలిస్తే, అసలేమీ కలపని పెట్రోలుతో పోల్చినప్పుడు శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది. దీన్ని బంకు మార్చి తప్పించుకోలేం. నా బండి కొత్తలో 19 ఇచ్చేది. ఇప్పుడు ఇవ్వకపోవడానికి ఇదో కారణం, బండి వయసు ఇంకో కారణం.

ఇక ప్రీమియం సంగతి. దీనికి బామ్మర్దినే పనిలో పెట్టాను. ఐదు ట్యాంకులు వాడే పోయించుకొస్తాడు, రెండుసార్లు 95 ఆక్టేన్‌ది, మూడుసార్లు మామూలుది. ఏ వారం ఏదో నాకు చెప్పడు, బిల్లులు వాడి దగ్గరే. వారం చివర నేను ఊహించి రాయాలి. మూడో వారం "ఇది ఖాయంగా ప్రీమియమే, తిప్పర్తి దాటాక ఓవర్‌టేక్ చేస్తే ఎగిరినట్టు పోయింది" అని రాశాను. మామూలుది! మొత్తం ఐదింటిలో సరిగ్గా చెప్పింది రెండు. బొమ్మా బొరుసూ వేసినా అంతకంటే బాగానే వచ్చేదేమో.

ఆక్టేన్ అంటే పెట్రోలు బలం అనుకుంటారు చాలామంది. నేనూ అలాగే అనుకునేవాణ్ని. అది ఇంజిన్‌లో పెట్రోలు వేళకు ముందే అంటుకుని టకటక కొట్టకుండా తట్టుకునే గుణం. టర్బో ఇంజిన్లకు, ఎక్కువ కంప్రెషన్ ఉన్నవాటికి పనికొస్తుంది. మామూలు పెట్రోలుతోనే ఆ టకటక (నాకింగ్) లేకుండా నడిచే బండికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఆ రెండు ట్యాంకుల సగటు 17.9, మామూలు మూడింటిది 17.5. నేను మామూలుదానికి లీటరుకు 107.50, ప్రీమియానికి 115 రూపాయలు లెక్క కట్టాను. కిలోమీటరుకు 6.14 రూపాయలు అవ్వాల్సింది 6.42 అయింది. మైలేజీ పెరిగి ఖర్చూ పెరిగింది.

ఏప్రిల్ మధ్యలో ఒక ట్యాంకు మామూలు పెట్రోలే, కానీ ముల్లు 80 దాటనివ్వలేదు. అంతకుముందు ఖాళీ రోడ్డు దొరికితే 100 దగ్గర పోయేవాణ్ని. ఏసీ వేసుకునే 19.2 వచ్చింది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుపడేది వేగం వర్గంతో (వేగం రెట్టింపైతే నాలుగింతలు) పెరుగుతుంది కాబట్టి ఇది వింతేం కాదు. రోజుకు పది నిమిషాలు ఆలస్యమైంది, అంతే. వెనకొచ్చే డీసీఎం వ్యాన్ల హారన్లు మాత్రం భరించాలి.

బంకులన్నీ ఒకటేనని కాదు. నిరుడు వానాకాలంలో ఈ మూడూ కాని ఇంకో చోట పోయించాక బండి దగ్గడం మొదలుపెట్టింది. మెకానిక్ కొంచెం పెట్రోలు సీసాలోకి తీస్తే అడుగున వేరే పొర కనిపించింది. ఇథనాల్ కలిసిన పెట్రోలులోకి నీళ్లు చేరితే ఇథనాల్ ఆ నీళ్లతో కలిసి అడుగుకు దిగిపోతుంది. ట్యాంకు కడిగించడానికి ఒక రోజు పోయింది. అప్పటినుంచి పెద్ద వాన పడ్డ మర్నాడు ఫుల్ చేయించను. అనుమానం వస్తే ఫిల్టర్ పేపరు అడుగుతాను, ఇవ్వాల్సిందే. చుక్క వేస్తే మరక మిగలకుండా ఆరాలి. కొలత మీద అనుమానముంటే ఐదు లీటర్ల డబ్బా పెట్టి పోసి చూపించమనొచ్చు, 25 మిల్లీలీటర్ల వరకే తేడా ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఇంటికొచ్చే దారిలో ఎడమవైపు ఖాళీగా కనిపించిన బంకులో, అది ఏ కంపెనీదైనా సరే, పోయించుకుంటున్నాను. పదిహేను రోజులకోసారి గాలి. పుస్తకంలో ఇంకా పదకొండు పేజీలున్నాయి. మే నెలలో సాగర్ రోడ్డు మీద ఏసీ వేసి ఒక ట్యాంకు, అద్దాలు దించి ఒక ట్యాంకు రాయాలి. రెండోదానికి ఇంట్లోవాళ్లు రామన్నారు.

బామ్మర్దికి పేజీలన్నీ చూపించాను. ఓపిగ్గా చివరిదాకా చూశాడు. వెళ్తూ వెళ్తూ బైకులో ప్రీమియమే పోయించుకున్నాడు. "నీ కారుకు తెలుస్తలేదు బావా, నా బండికి తెలుస్తది."